పాదు పెట్టే చోటెవరిది?

స్త్రీలకు పెరటి కూరగాయల సాగు నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. నేర్పాల్సిందే. నేనూ ఆ పక్షమే. కానీ ఆ మాట అనేవాళ్లు రెండు ప్రశ్నలను తేలిగ్గా దాటేస్తున్నారు. ఆ పాదు ఎక్కడ పెట్టాలి? ఆ చాకిరీ ఎవరి లెక్కలోకి వస్తుంది?

మార్టూరు సంగతే తీసుకుందాం. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఊరి చుట్టూ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలు, వాటిని దాటితే పత్తి, మిరప చేలు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి, అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నది ఈ మైదానంలోనే. చనిపోయిన మగవాళ్ల గురించి పత్రికలు రాశాయి. అప్పూ పిల్లలూ మిగిలిన ఆడవాళ్ల గురించి రాసింది తక్కువ. పురుగుమందు మాత్రం ఆ తర్వాతా ఇక్కడి చేలను వదల్లేదు. మందు కొట్టిన మిరపతోటలో పొద్దుగూకేదాకా నడుం వంచి కాయ కోసిన మనిషి, ఆ కూలి డబ్బుల్లోంచే కూరగాయలు కొనుక్కుని ఇంటికి చేరుతుంది. ఆ కూరగాయల మీద ఏ మందు ఎన్నిసార్లు పడిందో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. మందులు లేని పెరటి కూర ఆమెకు వేడుక కాదు, తిండి మీద హక్కు.

మొక్కలు పెంచడం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందనే మాట నేను ఒప్పుకోను. అదొక విద్య. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి చేతిపనిగా అందుతూ వచ్చింది. పెరడు లేని ఇంట్లో పుట్టి, చిన్నప్పుడే కూలికి దిగిన పిల్లకు అది అందే దారి లేదు. కాబట్టి విద్యను నేర్పినట్టే దీన్నీ నేర్పాలి. విత్తనాల పొట్లం చేతిలో పెట్టి ఫొటో తీయించుకుంటే శిక్షణ అయిపోదు.

నల్లరేగడి మొండి నేల. వానకు నీళ్లు నిలబెట్టి వేరు కుళ్లిస్తుంది, ఎండకు నెర్రెలిచ్చి వేరు తెంపుతుంది. అందుకని జానెడు ఎత్తున మడి కట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, పైన ఎండుటాకు పరవాలి. పచ్చిపేడ వేస్తే చెదలొస్తాయి. పందిరి చిక్కుడు ఎప్పుడు విత్తినా పొద్దు తగ్గాకే పూస్తుంది. ఆషాఢంలో పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే, తీగ బాగా అల్లుకున్నాక పూత వస్తుందని. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుతాయి. పిందెలు నిలవకుండా రాలిపోతుంటే చీకటిపడే వేళ పోతుపువ్వు కోసి, పిందె ఉన్న పువ్వులో పుప్పొడి అద్దితే కాయ నిలుస్తుంది. అయిదు నిమిషాల పని. పేనుబంకకు లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపపిక్కల పొడి మూటగట్టి, రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త కుంకుడురసం కలిపి పొద్దువాలాక చల్లాలి. వచ్చే ఏటికి విత్తనం కావాలంటే నాటురకమే పెట్టాలి, ఒక మంచి కాయను తీగ మీదే ముదరనివ్వాలి. హైబ్రిడ్ గింజ దాచి నాటితే తల్లి లక్షణం రాదు.

ఇంకో సంగతి ఈ ప్రాంతం వాళ్లకు గట్టిగా చెప్పాలి. ఖాళీ అయిన పురుగుమందు డబ్బా ఎంత కడిగినా, దాంతో పాదులకు నీళ్లు పోయకూడదు. చేలో మందు కొట్టిన స్ప్రేయరుతో కషాయమూ కొట్టకూడదు.

ఇక చోటు సంగతి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో పల్లెల్లో ఇంటికి సెంటున్నర చొప్పున స్థలం ఇచ్చారు. పట్టాలు స్త్రీల పేరునే రాశారు. అది చిన్న విషయం కాదు, మనం ఏళ్ల తరబడి అడిగినదే. కానీ సెంటున్నర అంటే 72 గజాల పైచిల్లర. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టాక మిగిలేది 35 గజాలు. మరుగుదొడ్డి, నీళ్లతొట్టి, అంట్లు తోమే చోటు, నడవడానికి దారి అన్నీ అందులోనే. పట్టా ఆమె పేరున వచ్చింది, పెరడు రాలేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంది. ఇప్పటికే సెంటున్నరలో కట్టుకున్నవాళ్ల మాటేమిటి?

ఇంట్లో పుట్టే కూర కొనే కూర ఖర్చును తప్పిస్తుంది. అయినా అది పండించిన మనిషి పనిచేస్తున్నట్టు లెక్క కాదు. జాతీయ నమూనా సర్వేల్లో ఇంటిపనితో పాటు ఇంటివాడకానికి కూరా కట్టెలూ ఏరి తెచ్చే స్త్రీకి 93 అని ఒక అంకె వేస్తారు. ఆ అంకె పడ్డవాళ్లు శ్రామికుల్లో చేరరు. పెరటి సాగు చేస్తుందా అని కొన్ని సర్వేల్లో ఆమెనే విడిగా అడిగారు కూడా. అడిగి, రాసుకుని, శ్రామికుల లెక్కకు బయటే ఉంచారు. 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 97. ఆ 299 మీద మడి తవ్వడం, నీళ్లు మోయడం కూడా వేసి, దానికి సాధికారత అని పేరు పెడితే నాకు నచ్చదు. ఈ శిక్షణకు మగవాళ్లను ఎందుకు పిలవరు? చేలో బోదెలు తోలే చేతులు పెరట్లో మడి కట్టలేవా?

రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊళ్లకు తీసుకెళ్తున్నది ఎక్కువగా మహిళా సంఘాల ద్వారానే. అంటే సంఘాలకు బలం ఉంది. ఆ బలంతో సంఘాలు విత్తనాలే కాదు, నేల కూడా అడగాలి. బడి ఆవరణలో, నీళ్లట్యాంకు పక్కన, కాలనీ చివర పంచాయతీ స్థలం ఎక్కడుందో సర్వే నంబరుతో సహా రాసి, కొళాయి కనెక్షనుతో కలిపి సాగుకు ఇమ్మని గ్రామసభలో అర్జీ పెట్టాలి. అర్జీ మీద ఆ కాలనీ మగవాళ్ల సంతకాలూ తీసుకోవాలి, వాళ్లు నీళ్లు పోసే రోజులు పక్కనే రాయించి.