పట్టీ చుట్టితే బీపీ తగ్గుతుందా?

మొన్న మా నారాయణరావుపేటలో ఇంటింటికీ బీపీ చూడటానికి వచ్చిన అమ్మాయి మా అత్తమ్మ చేతికి పట్టీ చుట్టింది, అంకె రాసుకుంది, లేచింది. "ఎంతుంది బిడ్డా?" అంటే "నూట డెబ్బై ఉందమ్మా, గోలీలు ఏస్కో" అంది. పోయినసారీ నూట డెబ్బయ్యే. ఆ పిల్లనేమీ అనను, పొద్దుగూకేలోపు ఇంకెన్ని గడపలు ఎక్కాలో!

నా కోపమంతా లెక్క మీద. పరీక్షలు ఇన్ని లక్షలని పేపర్లో వేస్తారు. అందులో మా అత్తమ్మ రెండుసార్లు ఉంది. ఆమె బీపీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఎసట్లో బియ్యం పోశాం కాబట్టి అన్నం అయిందంటామా అక్కా? మెతుకు పట్టి చూడమూ?

పట్టి చూడటం తెలియక కాదు. 2017 నవంబర్‌లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని లెక్క వేరు. మందు మొదలుపెట్టినవాళ్ళలో ఎందరికి బీపీ 140/90 కిందికి దిగింది? ఎందరికి దిగలేదు? అసలు తిరిగి రానిదెవరు? రానివాళ్ళను కొట్టెయ్యకూడదు, వాళ్ళూ లెక్కలోనే. ఊరి దవాఖాన గోడ మీద నేను చూడాలనుకునేది ఆ మూడు అంకెలే.

కాన్పులదీ ఇదే కథ. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అని మురిసిపోయాం. అదే సర్వేలో 60.7 శాతం కడుపు కోసి తీసినవే. తల్లి నడుం ఎట్లుందో ఏ గడిలో రాశారు?

"ముసలోళ్ళు గోలీలు మింగకపోతే దవాఖాన ఏం చేస్తది?" అంటారు మా ఆయన. నిజమే, అత్తమ్మ రోజు విడిచి రోజు వేసుకుంటోంది. నెల గోలీలు అయిపోతే ఆటో కిరాయి, ఒక పూట క్యూ. అందుకని రెండు నెలలకు సాగదీస్తోంది. ఒకే ఇంట్లో ఉండి నాకే మొన్న తెలిసింది, సిగ్గుగా ఉంది. కానీ రెండుసార్లూ నూట డెబ్బై ఎందుకుందని అడిగే పని ఎవరికైనా ఉంటే, ఆ మాట అప్పుడే బయటపడేది.

మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు మంచంలో ఉంది. తిప్పి పడుకోబెట్టింది, బట్టలు మార్చింది కోడలే. ఆ నాలుగేళ్ళు ఏ రిపోర్టులోనూ లేవు.

ఒక నోటుబుక్కు కొన్నాను. తేదీ, అంకె, మిగిలిన గోలీలు రాస్తున్నాను. ఈసారి ఆ అమ్మాయి వస్తే ముందు అదే చేతికిస్తాను. నిన్నటికి 152.