పులసకు వర్తించని వేట నిషేధం

గోదావరికి ఎర్రనీరు రాగానే యానాం మార్కెట్‌లో పులస వేలం మొదలవుతుంది. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. ధర ఏటా వార్త అవుతోంది. చేప ఎందుకు తగ్గుతోందన్నది మాత్రం వార్త కావడం లేదు.

తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. యానాం పడవలకూ అదే వర్తిస్తుంది. కానీ విలస గుడ్లు పెట్టేందుకు సముద్రం వదిలి గోదావరికి ఎదురీదేది జులై నుంచి సెప్టెంబరు వరకు. అంటే నిషేధం ముగిశాకే తల్లి చేప వలల ముందుకు వస్తోంది. వాటిని తప్పించుకున్నా ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం.

అడవిలో జింకలు తగ్గితే పులికి ఆకలి, తర్వాత పులులూ తగ్గుతాయి. ఆ వ్యవధిలో జింకలు తేరుకుంటాయి. మన వేటకు ఆ పగ్గం లేదు. పులస తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, ఒక్క చేప దొరికినా ఆ రోజు గిట్టుబాటే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట మనకు సరదా, చేపకు గండం. ఏ జాతినైనా అది తిరిగి పుంజుకునే వేగానికి మించి పడితే చివరికి మిగలదు.

బంగ్లాదేశ్ ఈ లెక్క గ్రహించింది. గుడ్లు పెట్టే అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట ఆపుతోంది. 25 సెంటీమీటర్లలోపు పిల్ల చేపలను పట్టడంపైనా నెలల తరబడి నిషేధం ఉంది. వేట ఆపిన కుటుంబాలకు బియ్యం ఇస్తోంది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2018-19కి 5 లక్షలు దాటింది.

ఇక్కడ చిక్కు మరొకటి. యానాం పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. నది ఒక్కటే, ప్రభుత్వాలు రెండు. ఒక ఒడ్డున వల ఆపి, మరో ఒడ్డున వేస్తే నష్టపోయేది ఆపినవాడే.

అందుకే మేము కోరేది ఒక్కటే: ఎదురీత కాలంలో కొన్ని రోజులైనా రెండు ప్రభుత్వాలూ కలిసి నదిలో వేట ఆపాలి. ఆ రోజుల కూలి మత్స్యకారుల చేతికి ముందే అందాలి. పరిహారం లేని నిషేధం పేదవాడి పొయ్యి ఆర్పుతుంది. నిషేధమే లేకపోతే వాడి పిల్లలకు పట్టడానికి పులసే ఉండదు.