విహారులకు లంగరు, వారసులకు వెలి

భార్యాబిడ్డలతో తెరచాప పడవనెక్కి నెలల తరబడి ఉష్ణమండల దీవులను చుట్టివచ్చే పాశ్చాత్య కుటుంబాలకు హిందూ మహాసముద్రంలో ఎంతో ప్రియమైన మజిలీగా చాగోస్ దీవులు పేరుపొందాయి. మాల్దీవుల దక్షిణపు కొసన ఉన్న అడ్డూ నుంచి సుమారు 500 కిలోమీటర్లు దక్షిణంగా సాగితే సాలొమన్ పగడపు దీవుల వలయం వస్తుంది. చుట్టూ మహాసముద్రం ఘోషిస్తున్నా వలయం లోపలి నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. అక్కడి బోదాం దీవిలో కొబ్బరి చెట్లు, మంచినీటి బావి, కప్పు కూలిన చర్చి, సమాధులు ఉన్నాయి. పిల్లల చదువులు పడవలోనే, ఆటలు ఒడ్డున ఇసుకలో. ఒక దశలో పడవలు అక్కడ లంగరు వేసి నెలల తరబడి నిలిచేవి. తరువాత బ్రిటిష్ యంత్రాంగం నిబంధనలు బిగించి ముందస్తు అనుమతి, రుసుము, బీమా, 28 రోజుల గడువు విధించింది. తలుపు ఇరుకైందే కాని మూతపడలేదు.

ఆ బావి తవ్విన వారి బిడ్డలకు మాత్రం ఆ తలుపు మూసే ఉంది. చాగోస్‌లోని కొబ్బరి తోటల్లో పనిచేయడానికి తరలించిన ఆఫ్రికన్ బానిసలు, ఆ తరువాత వచ్చిన భారతీయ కూలీల సంతతే చాగోసియన్లు. 1965లో మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి ముందే బ్రిటన్ ఈ దీవులను విడదీసి తన వద్ద ఉంచుకుంది. అమెరికా సైనిక స్థావరానికి డీగో గార్షియాను అప్పగించడం కోసం 1968-73 మధ్య సుమారు రెండు వేల మందిని ఖాళీ చేయించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపివేసింది. వారి పెంపుడు కుక్కలను సైతం విషవాయువుతో చంపించింది. స్థావరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న సాలొమన్, పెరోస్ బన్యోస్ దీవుల వాసులకూ మినహాయింపు లేకపోయింది.

తిరిగి వెళ్తామన్న ప్రతిసారీ వారికి వినిపించిన కారణాలు రెండు. స్థావరం భద్రత ఒకటి, ఖర్చు మరొకటి. ఏ దేశపు జెండాతోనో వచ్చిన పడవ వారాల తరబడి బోదాం వద్ద ఆగితే భద్రతకు భంగం లేదట. ఆ ఊళ్లో పుట్టిన ముదుసలి అక్కడ పాక వేసుకుంటే భంగమట! 2000లో లండన్ హైకోర్టు నిర్వాసితుల పక్షాన తీర్పు చెప్పినా, 2004లో పార్లమెంటుతో పని లేకుండా రాజశాసనంతో దానిని రద్దు చేశారు. 2008లో ప్రభువుల సభ న్యాయమూర్తులు 3-2 మెజారిటీతో ఆ శాసనాన్నే సమర్థించారు. 2006లో సుమారు వంద మందిని నౌకపై తీసుకెళ్లి, పెద్దల సమాధులను చూపించి వెనక్కు తెచ్చారు. విహార కుటుంబానికి నెలలో గడువు, వారసులకు గంటల్లో గడువు.

2010లో బ్రిటన్ ఈ జలాలను సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించి వాణిజ్య చేపల వేటను నిషేధించింది. పగడపు దిబ్బలను కాపాడవలసిందే, అందులో వివాదం లేదు. అయితే సైనిక స్థావరాన్ని అందులోంచి మినహాయించారు. ఈ రక్షణ వల్ల చాగోసియన్ల పునరాగమనం కష్టమవుతుందని బ్రిటిష్ అధికారులే అమెరికన్లతో అన్నట్లు అదే ఏడాది బయటపడిన దౌత్య సందేశాలు వెల్లడించాయి. ప్రకటించిన తీరు సముద్ర చట్టానికి విరుద్ధమని 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ మండలి తేల్చింది.

ఈ జలాల్లోకి మరో రకం పడవ కూడా వచ్చింది. 2021 అక్టోబరులో పిల్లాపాపలతో బయలుదేరిన శ్రీలంక తమిళుల పడవ ఆపదలో పడగా డీగో గార్షియాకు చేర్చారు. మూడేళ్లు కంచె లోపల గుడారాల్లో ఉంచారు. ఆ నిర్బంధం చట్టవిరుద్ధమని 2024 డిసెంబరులో అక్కడి న్యాయస్థానమే తీర్పునిచ్చింది. వారు కూడా కుటుంబాలతో పడవెక్కిన వారే.

సార్వభౌమత్వ వివాదంలో భారత్ మొదటి నుంచీ మారిషస్ పక్షం. దీవుల విభజన చట్టసమ్మతం కాదని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 116-6 ఓట్లతో బ్రిటన్‌ను వైదొలగమన్నది. మన ఓటు తీర్మానానికే పడింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం దీవులపై సార్వభౌమత్వం మారిషస్‌ది. డీగో గార్షియా 99 ఏళ్లు బ్రిటన్ అధీనంలో ఉంటుంది, అందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు. చాగోసియన్ల సంక్షేమ నిధికి 4 కోట్ల పౌండ్లు. సంతకాలతోనే అంతా అమల్లోకి రాదు, బ్రిటన్ తన చట్టాలను సవరించుకోవాలి. రెండు ప్రభుత్వాలు బేరమాడుకుంటుంటే తమను గదిలోకే పిలవలేదని నిర్వాసితుల్లో పలువురు నిరసించారు. వారి ఆగ్రహం సహేతుకం.

ఇక మన బాధ్యత ఓటుతో తీరేది కాదు. 2025 సెప్టెంబరులో మారిషస్‌కు భారత్ ప్రకటించిన ఆర్థిక సహాయంలో చాగోస్ సముద్ర రక్షిత ప్రాంత అభివృద్ధి, నిఘా కూడా ఉన్నాయి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల సంతతికి కూడా మారిషస్ స్వదేశమే. వలస తోటల చరిత్ర ఆ దేశానికి ఒకరు చెప్పనక్కరలేదు. నిఘా పడవలకు డబ్బిచ్చే దేశం పునరావాసానికి ఏం చేస్తున్నారని అడగవచ్చు. మంచినీరు, వైద్యం, చిన్న జెట్టీ, దీవుల మధ్య తిరిగే నౌక, ఒడ్డు దగ్గర గాలాలతో చేపలు పట్టుకునే హక్కు ఉంటే తప్ప పగడపు దీవిలో కాపురం సాగదు. విలాస నౌకల యాత్రలకు, హోటళ్లకు అనుమతులు ఇవ్వాలన్న ఆలోచన వస్తే దానికి ముందే ఇవి జరగాలి.

ఒప్పందం మారిషస్‌కు ప్రజలను స్థిరపరిచే స్వేచ్ఛను మిగతా దీవుల్లోనే ఇచ్చింది. నిర్వాసితుల్లో అధిక సంఖ్యాకుల స్వస్థలమైన డీగో గార్షియా అందులో లేదు.