సీసాల్లోని కొల్లేరు

ఉద్యోగ విరమణ చేసిన ఆరేళ్లకు, పాత విద్యార్థుల సమావేశమని పిలిస్తే మా కాలేజీకి వెళ్లాను. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక అలవాటుకొద్దీ కాళ్లు జువాలజీ ల్యాబు వైపు నడిచాయి. గది నిండా కంప్యూటర్లున్నాయి. అందుకు నాకు బాధ లేదు, పిల్లలకు అవీ కావాలి. కానీ గోడవారగా ఉండాల్సిన టేకు బీరువా లేదు. అందులో ఉండాల్సిన రెండొందల పైచిలుకు చేపల సీసాలు లేవు. అడిగితే, "వాసనొస్తోందని కండెమ్ చేసేశారండీ" అన్నాడు అక్కడున్న కుర్రాడు. సీసాలు పాత సామాన్లవాడికి తూకానికి పోయాయట. చేపల్ని వెనక గొయ్యి తీసి పూడ్చారట. స్టాకు రిజిస్టరులో వాటి ఎదురుగా 'నిరుపయోగం' అని రాసి, కింద సంతకం పెట్టారు.

ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం, అలాంటి బీరువాలు ఇంకా కొన్ని కాలేజీల్లో మిగిలి ఉన్నాయి.

అవి కొల్లేటి చేపలు. 1980ల్లో ఏటా రెండుసార్లు పిల్లల్ని వెంటబెట్టుకుని లంక గ్రామాలకు వెళ్లేవాళ్లం. వానలు తెరిపిచ్చాక ఒకసారి, ఎండలకు నీళ్లు తీసినప్పుడు ఒకసారి. మా ల్యాబు అటెండరు చేపలు పట్టే వడ్డీల ఇంట పుట్టినవాడు, తాటిదోనె మీద పెరిగినవాడు. చీకటి విడవకముందే మమ్మల్ని చేపలు పట్టే మావులు ఎత్తే చోటికి చేర్చేవాడు. నేను చేపల మీద ఫ్రాన్సిస్ డే రాసిన పుస్తకం పట్టుకుని రెక్కలోని ముళ్లు లెక్కబెట్టి, పక్కగీత వెంట పొలుసులు లెక్కబెట్టి శాస్త్రీయ నామం తేల్చేలోపు ఆయన చేపను ఒకసారి తిప్పి చూసి పేరు చెప్పేసేవాడు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక, బొమ్మిడాయి, జెల్ల, వాలుగ, చెయ్యి తిరిగిన వాళ్లు తప్ప విడదీయలేని రకరకాల పరిగలు. ఉప్పుటేరు వెంట సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన పండుగప్ప కూడా అప్పుడప్పుడూ దొరికేది. "మేష్టారూ, మీ పుస్తకం ఈ రెంటినీ ఒకటే అంటోంది గానీ, ఇది కిక్కిసలో తిరిగేది, అది నడినీళ్లది. పులుసు పెడితే తెలిసిపోద్ది" అనేవాడు. ఆ మాటనూ చీటీ మీద ఎక్కించేవాణ్ణి.

చీటీ పెన్సిలుతోనే రాయాలి. మామూలు సిరా ఫార్మలిన్‌లో చెదిరిపోతుంది. ఏ తారీఖు, ఏ లంక దగ్గర, ఎంత లోతులో, వలకా మావుకా, ఆ ఊళ్లో ఏమని పిలుస్తారు, ఇవన్నీ రాసి చీటీని చేపతోపాటే సీసాలో వేసేవాళ్లం. చేప రంగు నెలలోపే పోతుంది. పోయినా ఫరవాలేదు. ఆ తారీఖున, ఆ చోట అది ఏం తిన్నదో పొట్టలో ఉంటుంది. ఆ నీళ్లలో ఏముందో కండలోకీ ఎముకలోకీ ఎంతోకొంత ఎక్కి ఉంటుంది. మాకు ఆనాడు చూడటం చేతకానివాటిని ఇంకో ముప్ఫయ్యేళ్లకు ఎవరో చూస్తారన్నదే మా ఆశ.

ఇది ఉత్త ఆశ కాదు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఆ చుట్టుపక్కల నదుల్లో 1900 నుంచీ పట్టిన చేపలు సీసాల్లో ఉన్నాయి. వాటి పొట్టల్లో ప్లాస్టిక్ రేణువుల కోసం వెతికిన పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. 1950కి ముందరి చేపల్లో ప్లాస్టిక్ అన్నదే దొరకలేదు. అక్కణ్నుంచి దశాబ్దాలు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది. ఆ తొలి సీసాలు నింపిన వాళ్లు ప్లాస్టిక్ కోసం నింపలేదు. ఉత్తర అమెరికా మహాసరస్సుల మధ్య ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో 1970లో చేపల్లో పాదరసం బయటపడి వేట ఆపేయాల్సి వచ్చింది. ఈ పాదరసం ఫ్యాక్టరీలు పోసిందా, ఆ నీళ్లలో ముందునుంచీ ఉన్నదా అన్న తగువు రాకుండా ఉంటుందా? అప్పుడు కూడా మ్యూజియాల్లో నిలవున్న పాత చేపల కండను తీసి పరీక్షించారు. ఆ ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. సరస్సు మీద వ్యాజ్యం నడిచినప్పుడు సాక్ష్యం చెప్పడానికి అక్కడ పాత చేపలున్నాయి.

మనకూ కొల్లేటి మీద వ్యాజ్యాలకు కొదవ లేదు. సరస్సు హద్దును తేల్చే +5 కాంటూరు, +3 కాంటూరు అన్న మాటలు ఏలూరు టీకొట్టులో కూడా వినపడతాయి. 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని విప్పి చూసిన పరిశోధకులు, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతాన్ని చేపల చెరువులే ఆక్రమించాయనీ, తేటనీరన్నది చిత్రంలో కనపడలేదనీ 2004లో రాశారు. 2006లో ఆ చెరువుల గట్లు కొట్టేశారు. ఈ లెక్కలన్నీ నేలకు సంబంధించినవి. గట్టు ఎక్కడ, హద్దు ఎక్కడ, ఎకరాలెన్ని. అవీ తేలాల్సినవే, కాదనను. పక్షులకూ అభిమానులున్నారు. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి కెమెరాలు భుజాన వేసుకుని వస్తారు, లెక్కబెడతారు, సంతోషం. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి, ఫంగస్‌లకు టన్నుల లెక్కలున్నాయి, లారీల లెక్కలున్నాయి. ఇన్ని లెక్కల మధ్య, ఎవరూ చేపపిల్లలు వెయ్యకుండా, మేత వెయ్యకుండా కొల్లేరు తానుగా కన్న చేపలను ఎవరు తలుచుకుంటున్నారు? అవి నీటికింద ఉంటాయి, ఫొటోకు అందవు. కొర్రమీను ధర పలుకుతుంది కాబట్టి దాని ఊసు వినపడుతుంది. పరిగ సంగతి ఎవరడుగుతారు? నీరు చెడినప్పుడు ముందు మాయమయ్యేవాటిలో అలాంటి చిన్న చేపలే ఉంటాయి.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి కూలబడిపోయారు. ఢిల్లీ నుంచీ హైదరాబాదు నుంచీ నిపుణులు వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు. ఆ జబ్బుకూ కొల్లేటికీ ముడిపెట్టే హక్కు నాకు లేదు, పెట్టను. ఆ వారమంతా నా బుర్రలో తిరిగింది ఒక్కటే. ఈ ప్రాంతపు నీళ్లలో, బురదలో, చేపలో ముప్ఫయ్యేళ్ల కిందట సీసం ఎంత ఉండేదో తెలిస్తేనే కదా, ఇవాళ్టిది ఎక్కువో తక్కువో చెప్పగలిగేది! ఆ కొలత ఇవ్వగల చేపలు మా బీరువాలో ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఇళ్లనూ షెడ్లనూ కాలవలనూ కడిగిన ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. వరదకు ముందు, వరద తర్వాత అని చెప్పాలంటే 'ముందు' అన్నది ఎవరో ఒకరు దాచి ఉంచాలి.

వాలుగ గురించి ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. దాని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఆ వల్లాగో అన్నది మన వాలుగే. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అక్కడి చేపలు రెండొందలను బొమ్మలు వేయించి, స్థానికులు పిలిచే పేర్లతోసహా 1803లో పుస్తకంగా అచ్చు వేయించాడు. అలా అచ్చెక్కిన మన మాటను 1851లో డచ్చి వైద్యుడు బ్లీకర్ ఆ ప్రజాతికి పేరుగా స్థిరపరిచాడు. ప్రపంచంలో ఏ మూల చేపల శాస్త్రం చదివేవాడైనా ఆ చేప దగ్గరకొచ్చేసరికి ఒక తెలుగు మాట పలకాల్సిందే. ఆ మాట రస్సెల్ చెవిన వేసిన జాలరి పేరు మనకు దక్కలేదు. ఇవాళ ఆ వాలుగ ముప్పులో ఉన్న జాతుల జాబితాకెక్కింది.

మా అటెండరు పేరూ ఎక్కడా లేదు. నా దగ్గర ఎంఫిల్ చేసిన పిల్లలు గైడుకు, ప్రిన్సిపాలుకు, తల్లిదండ్రులకు కృతజ్ఞతలు రాశారు. వాళ్ల నమూనాలన్నీ తడిచేతులతో అందించినవాడికి రాయలేదు. రాయమని నేనూ చెప్పలేదు. అది నా తప్పు, ఈ వయసులో అది నన్ను గుచ్చుతోంది. రిటైరయ్యేదాకా ఆయన ఏటా వేసవి సెలవుల్లో, ఎవరూ చెప్పకుండానే, ఒక్కో సీసా మూత తీసి తగ్గిన ఫార్మలిన్ నింపి, మూత చుట్టూ మైనం పూసేవాడు. కళ్లు మండి నీళ్లు కారుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పని ఎవరి డ్యూటీ చార్టులోనూ లేకుండా పోయింది. వాసన రావడం అక్కడ మొదలైంది.

ఫార్మలిన్ ఆరోగ్యానికి చెడ్డదని అంటారు. నిజమే. నెమ్మదిగా ఆల్కహాలులోకి మార్చుకోవచ్చు, పెద్ద మ్యూజియాలన్నీ చేసేది అదే. డిగ్రీ విద్యార్థులు జంతువుల్ని కోయడం ఆపమని యూజీసీ 2014లో చెప్పింది. మంచి మాటే చెప్పింది. కానీ ఏనాడో సేకరించి పెట్టుకున్న సీసాల్ని పారేయమని ఎవరు చెప్పారు? కోత ఆగింది కదా, ఇక ల్యాబెందుకు, బీరువా ఎందుకు అనుకున్నారు. పరిశోధనకు డబ్బిచ్చే చోటా ఇదే తీరు. ఏటా అదే లంక దగ్గర, అదే వల వేసి, అవే చేపలు లెక్కబెడతామంటే 'ఇందులో కొత్తేముంది' అంటారు. ఇరవయ్యేళ్లు ఒకే చోట ఒకేలా లెక్కబెట్టినవాడే, ఇరవయ్యొకటో ఏడు ఏదో తేడా వచ్చిందని చెప్పగలడు. ఆ ఓపికకు మన దగ్గర జీతమూ లేదు, గౌరవమూ లేదు.

కైకలూరు, ఏలూరు, భీమవరం, గుడివాడ ప్రాంతాల కాలేజీల్లో జువాలజీ చెప్తున్నవాళ్లకు నా విన్నపం. మీ ల్యాబులో ఏ మూలనైనా దుమ్ముపట్టిన చేపల సీసాలుంటే కండెమ్ లిస్టులోకి ఎక్కించకండి. చేప తెల్లబోయిందని, పొలుసులు రాలాయని వదిలేసుకోకండి. నీరు ఇంకిపోయి చేప బయటపడి ఉంటే ముందు దాన్ని తడపండి, గది కిటికీలు తెరిచిపెట్టి చేతులకు తొడుగులు వేసుకోండి. లోపలి చీటీని లాగొద్దు, నానిన కాయితం చేతిలోనే చిరిగిపోతుంది. సీసా తిప్పుతూ గాజు మీదినుంచే ఫోనుతో ఫొటోలు తీయండి. అక్షరాలు కనపడకపోతే టార్చిలైటు పక్కనుంచి వేయండి, పెన్సిలు గీత మెరుస్తుంది. తారీఖూ ఊరిపేరూ దొరికితే చాలు, వెంటనే ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఆ ఊరికి వెళ్లి, ఆ చేప ఇప్పుడు పడుతోందా అని వలవేసే పెద్దాయన్ని అడగండి. ఆయన చెప్పింది రాసుకుని, కింద ఆయన పేరు కూడా రాయండి.