మా గుడి వెనక టర్కీలకు ఒక్క పేరు పెట్టకండి

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. ఎప్పటిలాగే నా అక్షర దోషాలు దిద్దండి. కోపాన్ని మాత్రం దిద్దకండి.

మా గుడి కాన్సస్ మధ్య భాగంలో ఉంది. పార్కింగ్ లాట్ దాటితే ఒక వాగు, వాగు ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు. పొద్దున్నే సుప్రభాతం పెట్టడానికి నేను తలుపు తీసేసరికి అడవి టర్కీలు ఆ చెట్ల మీంచి దిగుతూ ఉంటాయి. అంత బరువైన పక్షులు రాత్రంతా కొమ్మల మీదే పడుకుంటాయంటే మొదట్లో నేను నమ్మలేదు. వసంతకాలంలో పుంజు పురి విప్పుతుంది. ‘పురి విప్పడం’ అనే మాట నెమలికి వాడతాం కదా, దీనికీ సరిగ్గా సరిపోతుంది. దీని శాస్త్రీయ నామం మెలియాగ్రిస్ గాల్లోపావో. లాటిన్‌లో గాల్లుస్ అంటే కోడిపుంజు, పావో అంటే నెమలి. పేరు పెట్టినవాళ్ళకి కూడా ఇది కోడో నెమలో తేలలేదన్నమాట!

(ఒక మాట. ప్రసాదం పులిహోర వాటికి వెయ్యకండి. మనుషులకి అలవాటు పడితే అవి కార్ల కింద పడతాయి, పిల్లల మీదికి వస్తాయి.)

ఇప్పుడు గొడవ ఏంటంటే, మా సండే క్లాస్ పిల్లల చేత వాగు దగ్గర ఒక బోర్డు పెట్టిద్దాం అనుకున్నాం. పైన పక్షి బొమ్మ, కింద తెలుగులో నాలుగు వాక్యాలు. తెలుగు రాసే పని నాకు ఇచ్చారు. అరవై దాటిన మనిషిని, బడిలో అంతా ఇంగ్లీషే, తెలుగు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. నాకు ఇచ్చారంటే ఎంత సంతోషించానో చెప్పలేను. బొమ్మ ఆరో తరగతి పాప వేసింది. మూడు ఆదివారాలు బైనాక్యులర్ పట్టుకుని కూర్చుని వేసింది. రెండు పుంజులు. ఒకదాని తోక అంచు ముదురు రంగు, రెండోదాని అంచు లేత రంగు. రెండూ ఒకే మందలో, పక్కపక్కన.

కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు, నేను అన్నయ్యగారు అని పిలుస్తాను. ఆయన పుస్తకం తెచ్చి చూపించారు. “ఇక్కడ ఉండేది రియో గ్రాండే రకం. అంచు లేత రంగులో ఉండాలి. పాప ఒకటి తప్పు వేసింది, మార్పించండి,” అన్నారు. నేను కాదన్నాను. “చూడమ్మా, పిల్లలకి ఒక జవాబు కావాలి. రెండూ కలిశాయి అని రాస్తే ఆ బోర్డు ఎవరు చదువుతారు?” అన్నారు. పాప అక్కడే నిలబడి ఉంది. బయటికి వచ్చాక నన్ను అడిగింది: “ఆంటీ, నేను తప్పు చూశానా?”

లేదు తల్లీ. నువ్వు సరిగ్గా చూశావు. పుస్తకాన్ని తప్పుగా చదివింది ఆయన.

అమెరికాలో అడవి టర్కీ ఒకటే జాతి, దానిలో ఉపజాతులు ఉన్నాయి. తూర్పు అడవుల్లో ఈస్టర్న్. ఫ్లోరిడా ద్వీపకల్పంలో ఒసియోలా, సెమినోల్ నాయకుడి పేరు మీద పెట్టారు. టెక్సాస్, ఓక్లహామా వైపు రియో గ్రాండే. పడమటి కొండల్లో మెరియమ్స్. మెక్సికో నుంచి అరిజోనా, న్యూ మెక్సికో కొండల దాకా గూల్డ్స్. వీటిని చెప్పడానికి అందరూ మొదట చూసేది తోక ఈకల చివర ఉండే పట్టీ. నేను దాన్ని ‘అంచు’ అంటున్నాను, చీర అంచు లాగా. ఈస్టర్న్ అంచు ముదురు, రియో అంచు లేత, మెరియమ్స్ అంచు దాదాపు మీగడ రంగు, గూల్డ్స్ అంచు తెలుపు.

ఇక్కడ నేను తెలుగులోనే ఇరుక్కుపోయాను. మన పాఠాల్లో బ్రౌన్‌కి ‘గోధుమ రంగు’ అని నేర్పిస్తారు కదా. ఈస్టర్న్ అంచుకి గోధుమ రంగు అని రాశాను. తర్వాత రియో అంచు చూస్తే అది అచ్చంగా గోధుమ రంగు! నేను ఉండేది కాన్సస్‌లో, జూన్‌లో రోడ్డుకి రెండు వైపులా గోధుమ పొలాలే, ఆ రంగు నాకు బాగా తెలుసు. అంటే పాఠ్యపుస్తకం తెలుగు వాడితే రెండు ఉపజాతులకీ ఒకటే రంగు వస్తుంది. చివరికి మా అమ్మ మాట గుర్తొచ్చింది, ‘ముక్కుపొడి రంగు’. ఈస్టర్న్‌ది ముక్కుపొడి రంగు, రియోది గోధుమ రంగు. ఈ మాట రాసి పెట్టుకోండి, మీకు చీరల షాపులో కూడా పనికొస్తుంది.

ఇంత కష్టపడి మాట దొరికినా, అంచు ఒక్కటే చూసి పేరు పెట్టడం మా ఊళ్ళో కుదరదు. టర్కీ ఈకలు వెలుగుని బట్టి మారతాయి. అదే పుంజు నీడలో నల్లగా, ఎండలో రాగిలా, కొంచెం తిరిగితే ఆకుపచ్చగా కనిపిస్తుంది. సాయంత్రం ఎండలో గోధుమ రంగు కూడా ముక్కుపొడి రంగులా ఉంటుంది. వేసవిలో ఈకలు రాలి కొత్తవి వచ్చేలోపు పాతవాటి చివరలు అరిగి, వెలిసి ఉంటాయి. ఏడాది పుంజుకి తోక మధ్య ఈకలు పొడుగు, పక్కవి పొట్టి, కాబట్టి విసనకర్ర సరిగ్గా విప్పుకోదు. పెట్ట అయితే పురి విప్పడమే అరుదు. ఇవన్నీ దాటి మంచి వెలుగులో, పెద్ద పుంజు, వెనక్కి తిరిగి నిలబడితే అప్పుడు అంచు చూడొచ్చు. అప్పుడు కూడా తోక మొదట్లో పైన కప్పి ఉండే చిన్న ఈకల చివర్లు, నడుము మీద మెరుపు, అన్నీ చూడాలి. అంచు ముక్కుపొడి రంగు, పై ఈకల చివర గోధుమ రంగు ఉన్న పుంజుని నేనే చూశాను. దానికి ఏ పేరు పెడతారు అన్నయ్యగారూ?

ఇంకో సంగతి ఆయన పుస్తకం మ్యాపులో కనపడదు. కాన్సస్‌లో అడవి టర్కీలు ఒకప్పుడు పూర్తిగా పోయాయి. వేట, చెట్లు నరకడం. తర్వాత కొన్ని ఓక్లహామా నుంచి వాటంతట అవే పైకి వచ్చాయి, 1960లలో ప్రభుత్వం వాళ్ళు టెక్సాస్ పక్షులను తెచ్చి వదిలారు. తూర్పు వైపు ఈస్టర్న్ పక్షులు పెరిగాయి. పడమర రియో, తూర్పు ఈస్టర్న్, మధ్యలో కలిశాయి. మేము ఉన్నది మధ్యలో. అవి కలవడం వింత కాదు, తప్పూ కాదు. ఒకే జాతి కదా! వాగు వెంట నడుచుకుంటూ వచ్చిన పక్షిని మ్యాపు గీత ఆపుతుందా?

అసలు ఉపజాతి అంటే ఏంటో కూడా చూడండి. డీన్ అమడాన్ అనే పక్షి శాస్త్రవేత్త 1949లో ముప్పాతిక సూత్రం గురించి రాశారు. ఒక చోటి పక్షుల్లో 75 శాతాన్ని పక్క చోటి పక్షుల నుంచి విడిగా గుర్తించగలిగితే, వాటికి ఉపజాతి పేరు ఇవ్వొచ్చు అని దాని సారాంశం. నూటికి నూరు అని ఎవరూ అనలేదు. పేరు మందకి సంబంధించింది, ఒక్కో పక్షి మెడలో వేలాడే బిళ్ళ కాదు.

వేటగాళ్ళను చూడండి. నాలుగు ఉపజాతులనూ కొడితే వాళ్ళు ‘గ్రాండ్ స్లామ్’ అంటారు. పేరు మీద అంత పట్టింపు ఉన్నవాళ్ళు! అయినా వాళ్ళ రికార్డుల్లో హైబ్రిడ్‌కి వేరే వరుస ఉంది. ఫ్లోరిడా ఉత్తరాన ఒసియోలా, ఈస్టర్న్ కలిసే చోట రికార్డు కోసం కౌంటీ గీతలను బట్టి పేరు రాసుకుంటారు. అది లెక్క కోసం పెట్టుకున్న ఏర్పాటు, పక్షికి దాంతో పని లేదు. ఫ్లోరిడాలో ఉన్న మన పాఠకులకు చెప్తున్నాను, మీ దగ్గర తోక అంచు అసలు సహాయం చెయ్యదు, రెండింటిదీ ముదురే. రెక్క పెద్ద ఈకలు చూడండి. ఈస్టర్న్‌కి తెల్ల చారలు, నల్ల చారలు ఇంచుమించు సమానం. ఒసియోలాకి తెల్ల చారలు సన్నగా, తెగిపోయినట్టు ఉంటాయి, రెక్క మొత్తం నల్లగా కనిపిస్తుంది. దక్షిణాన ఇది బాగా పనిచేస్తుంది. ఉత్తర ఫ్లోరిడాలో అన్ని రకాల రెక్కలూ కనిపిస్తాయి.

పేర్లే వద్దు అని నేను అనడం లేదు. దక్షిణ టెక్సాస్‌లో రియో అనండి, పెన్సిల్వేనియాలో ఈస్టర్న్ అనండి, ఎవరు కాదంటారు? గూల్డ్స్ లాంటిది అరిజోనా కొండల్లో మళ్ళీ పెరగాలంటే ఏ పక్షిని ఎక్కడినుంచి తెచ్చి వదులుతున్నామో తెలియాలి, అక్కడ పేరు చాలా అవసరం. హద్దు మీద ఉన్న పక్షికి హద్దు మీద ఉంది అని రాయమంటున్నాను, అంతే.

నన్ను కూడా అడుగుతారు, మీది ఆంధ్రానా తెలంగాణానా అని. అమ్మది శ్రీకాకుళం, మావారిది వరంగల్, పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ. ఒకే వాక్యంలో ‘వచ్చాడు’ అంటాను, ‘పోయిండు’ అంటాను. సరే, అది ఇంకోసారి.

పిల్లలకి ఒక జవాబు కావాలి అన్నారు ఆయన. ఆ పాప దగ్గర జవాబు ఉంది. మూడు ఆదివారాలు కూర్చుని సంపాదించుకుంది. దాన్ని చెరిపి పుస్తకం బొమ్మ దించమంటే, ఇంక తను బైనాక్యులర్ ఎందుకు పట్టుకోవాలి? ఇంట్లోనే కూర్చుని పుస్తకం చూస్తే సరిపోయేది.

నేను బోర్డుకి రాసిన నాలుగు వాక్యాలు ఇవి. తప్పులుంటే శనివారం లోపు చెప్పండి, ఆదివారం కమిటీ ముందు పెడుతున్నాను.

“ఇవి అడవి టర్కీలు. ఇక్కడ ఈస్టర్న్, రియో గ్రాండే అనే రెండు ఉపజాతులు కలిశాయి. కొన్నిటి తోక అంచు ముక్కుపొడి రంగు, కొన్నిటిది గోధుమ రంగు, కొన్నిటిది రెండింటికీ మధ్య. మీరు చూసినదాని రంగు కింద పుస్తకంలో రాయండి.”

రూళ్ళ నోట్‌బుక్ ఒకటి, దాన్ని వాన తడపకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా కొన్నాను. మొదటి పేజీలో పాప తన రెండు పుంజుల సంగతి రాసేసింది, తేదీతో సహా. ‘ముక్కుపొడి’లో క వత్తు మర్చిపోయింది. నేను దిద్దలేదు.