ఇనప్పెట్టెలో పెడితే కాలదా?

పిల్లలూ, మీ చిన్నప్పటి ఫొటోలు ఎక్కడున్నాయో మీ అమ్మగారిని అడిగి చూడండి. పూర్వమైతే బీరువాలోంచి ఆల్బం తీసేవారు. ఇప్పుడు, "కంప్యూటర్లో ఉన్నాయి" అంటారు. జాగ్రత్త గలవారు వాటికి నకలు తీసి, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులో దాచి ఉంటారు. మంచిదే. కాని ఆ డిస్కు ఎక్కడుంది? చాలా ఇళ్ళల్లో కంప్యూటరు బల్ల సొరుగులోనే! దొంగ వస్తే రెండూ ఒకే సంచీలో వేసుకుపోతాడు. ఇంటికి నిప్పంటుకుంటే రెండూ కలిసే కాలతాయి.

"అయితే ఇనప్పెట్టెలో పెడితే సరి!" అంటారు మీలో కొందరు. నిప్పుకు ఆగే ఇనప్పెట్టెలు ఉన్న మాట నిజమే. అవి ఎలా పనిచేస్తాయో తెలుసా? వాటి గోడల్లో, రెండు రేకుల నడుమ, జిప్సం వంటి పదార్థం కూరుతారు. జిప్సం చూడటానికి పొడిగానే ఉంటుంది గాని, దాని బరువులో దాదాపు అయిదో వంతు నీరే! బయట మంట లేచినప్పుడు ఆ నీరు ఆవిరై పోతూ వేడిని మింగేస్తుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపు గిన్నె మాడదు, నీళ్ళు ఇగిరాకే మాడుతుంది, చూశారా? ఈ పెట్టె సంగతీ అంతే.

కాగితాలకు ఇది చాలు. అమెరికాలో ఇలాంటి పెట్టెలను కొలిమిలో పెట్టి పరీక్షిస్తారు. లోపలి వేడి 177 సెంటిగ్రేడు డిగ్రీలు దాటకపోతే, ఆ పెట్టె కాగితాలకు పనికివస్తుందని లెక్క. మరి డిస్కులు దాచే పెట్టెలకో? హద్దు 52 డిగ్రీలే! పైగా కాగితాలను కాపాడిన ఆ ఆవిరే లోపలికి చేరి డిస్కుకు చెమ్మ పట్టిస్తుంది. తాతగారి దస్తావేజు బతుకుతుంది. ఆయన ఫొటోలున్న డిస్కు ఉడికిపోతుంది. డిస్కులకు వేరే పెట్టెలున్నా అవి చాలా ఖరీదు. ఇక దొంగ సంగతి చెప్పనక్కర లేదు. చిన్న ఇనప్పెట్టె కనిపిస్తే పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు.

అందుచేత ఇంకో నకలు మరో ఇంట్లో ఉండాలి. పక్క వాటాలో కాదు సుమా, ఆ మంట అక్కడికీ వస్తుంది. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చు గాని, అదీ ఎక్కడో ఒక భవనంలో ఉన్న యంత్రమే. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ కంపెనీవారి అయిదంతస్తుల భవనం తగలబడింది. అసలూ, నకలూ ఆ ఆవరణలోనే ఉంచుకున్న కొందరికి రెండూ పోయాయి.

అమ్మమ్మగారి ఊరు బాగుంటుంది. సెలవులకు ఎలాగూ వెడతారు కదా! వెళ్ళినప్పుడల్లా కొత్త నకలున్న డిస్కు అక్కడ పెట్టి, పాతది తెచ్చుకోండి. దారిలో ఎవరైనా కాజేసినా చదవలేకుండా, రహస్యపు మాట చెబితేనే తెరుచుకునేటట్టు డిస్కును కంప్యూటరు చేతనే కట్టుదిట్టం చేయించవచ్చు. నాన్నగారిని అడగండి. ఆ మాట మరిచిపోతే మీకూ తెరుచుకోదు. అలాగని చీటీ రాసి డిస్కుకే అంటించేరు! ఆ చీటీని మీ ఇంటి ఇనప్పెట్టెలో పెట్టండి. అది కాగితమే కనక అక్కడ భద్రంగా ఉంటుంది.