ధవళేశ్వరం నేర్పిన పాఠం

ధవళేశ్వరం అనగానే కాటన్ దొర ఆనకట్టే గుర్తుకొస్తుంది. అదే ఊళ్లో 1874లో కందుకూరి వీరేశలింగం బాలికల కోసం బడి తెరిచారన్న సంగతి నేటి విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. అక్కడి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఆడపిల్లకు అక్షరాలెందుకన్న మాటకు ఎదురులేని రోజులవి. ఆ ఏడాదే ఆరంభించిన ‘వివేకవర్ధని’ పత్రికలో స్త్రీవిద్య కోసం వాదించడంతో ఆయన సరిపెట్టుకోలేదు. ఆడపిల్లల చేత పలక పట్టించారు. 1881లో రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహానికి ఏడేళ్ల ముందరి మాట ఇది. సంస్కరణకు చదువే తొలి మెట్టని ఆ వరుసే చెబుతోంది.

పెద్ద విశ్వవిద్యాలయాల చరిత్రలు గ్రంథాలకెక్కుతాయి. ధవళేశ్వరం బడి లాంటి చిన్న ఊళ్ల బడుల చరిత్ర మాత్రం పాత ప్రవేశ రిజిస్టర్లలో, తనిఖీ నివేదికల్లో, వెలిసిపోయిన ఫొటోల్లో మిగిలి ఉంటుంది. భవనం మారినప్పుడో, బడులను విలీనం చేసినప్పుడో ముందుగా పోయేవి ఆ కాగితాలే. తొలితరం చదువరుల ఆనవాళ్లు మరెక్కడా దొరకవు. విద్యాశాఖ వాటిని డిజిటల్ రూపంలో భద్రపరచాలి. పూర్వ విద్యార్థులు చేయి కలపాలి. తమ బడి ఎలా పుట్టిందో ప్రతి ఊరి పిల్లలకూ తెలియాలి.